కాలవగట్టు మీద పలకరింపులు

రామకోటేశ్వరరావు కారుని కాలవలోకి దింపింది తాగి కాదు, కునుకు తీసి కాదు. ఫోన్లో మాట్లాడుతూ అసలే కాదు. ఆయన ఫోన్ ఇంట్లో టీవీ పక్కన పెట్టి మరీ బండెక్కుతాడు. కేవలం మర్యాద కొద్దీ దింపాడు. చినతాడిపర్రులో మర్యాద వల్ల కార్లు మునుగుతాయని అప్పటిదాకా ఎవరికీ తెలియదు, తెలిశాక కూడా ఎవరూ మర్యాద మానుకోలేదు.

ఆయన మీద జాలిపడే ముందు ఆయన నోటి సంగతి తెలియాలి. ముప్పై ఒక్క ఏళ్ళు ఊరి పాలకేంద్రానికి సెక్రటరీ. తెల్లారకముందే క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడ్డ ప్రతి మనిషినీ పేరుపెట్టి పలకరించేవాడు, ఆ మనిషి అయ్యాక వాళ్ళ గేదె గురించి విడిగా అడిగేవాడు. ఎవరి గేదె చూడి కట్టింది, ఎవరిది తన్నుతోంది, ఎవరిదానికి పొదుగు వాచింది, అన్నీ నోటికి వచ్చు. అరవై నిండాక ఉద్యోగం అయిపోయింది గానీ నోరు రిటైర్ కాలేదు. పాత మోపెడ్ మీద కాలవగట్టు వెంట గన్నవరం వెళ్ళాడంటే ఆరు కిలోమీటర్లకి గంటన్నర పట్టేది. మోపెడ్‌కి ఆ సుఖం ఉంది. ఇరవై స్పీడులో పోయేవాడు లోకంలో ఎవర్నైనా పలకరించవచ్చు.

ఆ మోపెడ్ వెనక సీటు మీద ఒక పక్కకి కూర్చుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని, ఎండకీ వానకీ తిరిగింది ఆయన భార్య మాణిక్యమ్మ. మాటల కోసం మోపెడ్ ఆగినప్పుడల్లా దిగకుండా, నోరెత్తకుండా అలా కూర్చునే ఉండేది. అందుకే రామకోటేశ్వరరావుకి ఒకే ఒక్క కోరిక మిగిలిపోయింది. ఈ మనిషిని కారు ముందు సీట్లో, ఏసీలో కూర్చోబెట్టుకుని బెజవాడ తీసుకెళ్ళాలి, బ్యారేజీ మీద తిప్పాలి. తను నడపాలి, ఆవిడ పక్కన కూర్చోవాలి. అందుకోసమే అరవై ఒకటో ఏట సెకండ్‌హ్యాండు వ్యాగనార్ ఒకటి కొన్నాడు.

నడపడం నేర్పింది గన్నవరంలో డ్రైవింగ్ స్కూలు జాన్‌బాబు. నెమ్మదస్తుడు, క్లచ్ మీద కాలు పెట్టి నిద్రపోయేవాళ్ళని కూడా అండీ అనే పిలుస్తాడు. “తల ఎటు తిరిగితే చెయ్యి అటే తిరుగుద్దండీ సెక్రటరీగారూ, మనకి తెలీకుండానే,” అని రోజూ చెప్పేవాడు. రామకోటేశ్వరరావు బుద్ధిగా విన్నాడు, ఎనిమిది అంకె తిప్పాడు, లైసెన్సు తెచ్చుకున్నాడు. మొదటిరోజు గన్నవరం నుంచి ఇంటిదాకా కళ్ళు పక్కకి తిప్పకుండా రోడ్డు చూస్తూ వచ్చాడు. ఎంత బాగా నడిపానో అని ఆయన మురిసిపోతుంటే ఊరు ఇంకోలా అనుకుంది.

సాయంత్రం టీకొట్టు మరియదాసు గ్లాసు చేతికిస్తూ, పొద్దున తను చెయ్యి ఊపానని, తమరు చూడలేదని, పెద్ద బండి కదా, కింద ఉన్నవాళ్ళు చిన్నగానే కనపడతారు లెండని ఎంతో వినయంగా అన్నాడు. ఆ వినయం కన్నా చెంపదెబ్బ నయం. ఇంటికి వచ్చేసరికి రావమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. వరసకి వదిన, డెబ్భై అయిదేళ్ళ మనిషి. కాలవగట్టు మొదట్లోనే ఆవిడ ఇల్లు. ఆవిడకి చెప్పకుండా ఆ దారిన కాకి కూడా పోదు. “కారెక్కగానే కళ్ళు నెత్తికెక్కినయ్యి మరిదీ నీకు,” అని మొహానే అనేసి, మాణిక్యమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయింది.

ఆ పూట ఆయనకి ముద్ద దిగలేదు. కొలతలో మోసం చేశాడన్నా పడ్డాడు, పాలలో నీళ్ళు తనే పోశాడన్నా పడ్డాడు గానీ, పొగరుబోతు అంటే మాత్రం ఆ మనిషి పడలేడు.

మర్నాటి నుంచి అద్దాలు దించాడు. హారన్ కొట్టడం, పేరుపెట్టి పిలవడం, “ఎందాకా?” అనడం. ఎక్కడికి అని మాత్రం అనడు. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడిగితే వెళ్ళే పని చెడుతుంది, ఎందాకా అంటే చెడదు. మా వైపు శకునాలకి ఆ మాత్రం వ్యాకరణం తెలుసు. చిక్కేమిటంటే, అడిగేసి ఊరుకోవడం మర్యాద కాదు, జవాబు వినాలి. జవాబు వచ్చేసరికి కారు పది గజాలు ముందుకి పోతుంది. అప్పుడు తల వెనక్కి తిప్పాలి. తల తిరిగితే చెయ్యి తిరుగుతుంది. నాలుగు రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు తొక్కాడు, రావమ్మ కోళ్ళగంప అప్పచ్చి చేశాడు, పంచాయతీవాళ్ళు పెట్టిన బోర్డుని ఒక పక్కకి ఒరగదోశాడు. బండి నడుపుతూ ఫోన్ మాట్లాడకండని ఆ బోర్డు మీద రాసి ఉంది. నేను మాట్లాడింది ఫోన్లో కాదుగా అన్నాడు. సాటిమనిషి మొహం చూసి మాట్లాడితే తప్పేముందని ఊరు కూడా ఆయన పక్కనే నిలబడింది. కోళ్ళగంప పోయిన రావమ్మ సైతం, పోతే పోయింది గంప, మరిది మళ్ళీ మనిషిలో పడ్డాడంది.

అయిదో రోజు మాణిక్యమ్మ కారెక్కింది. బెజవాడ భవానీపురంలో వాళ్ళక్క ఉంది, అక్కడిదాకా పని ఉందని రెండు మూడుసార్లు అంది. ఏం పని అని ఆయన అడగలేదు. అక్క దగ్గరికి చెల్లెలికి పనేముంటుంది, చీరలో, ఆవకాయో. కొత్త చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంటే ఆయనకి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆ ఛాతీతో కాలవగట్టు ఎక్కాడు.

గట్టు మీద ఎడంవైపు కాలవ, కుడివైపు చేలు. కుడివైపు యేసుకుమార్ కొత్త గేదెని తోలుకొస్తున్నాడు. ట్రాక్టరు ఉన్న మనిషి, గేదెల మీద మోజు. ముప్పై ఒక్క ఏళ్ళ సెక్రటరీ కొత్త గేదెని చూసి ఊరుకుంటాడా? ఎన్నో ఈత అని అడిగాడు. రెండోదండీ, నెలలో ఈనుద్దండీ, పోయిన ఈతలో పూటకి అయిదు లీటర్లంటండీ అని జవాబు వచ్చింది. అయిదా అని ఆశ్చర్యపోయి, నిజమో కాదో పొదుగు చూద్దామని రామకోటేశ్వరరావు మెడ మొత్తం కిటికీ బయటికి పెట్టాడు. తలతోపాటే చెయ్యి కూడా పోతుందన్న జాన్‌బాబు లెక్క ఆ ఒక్కసారికి తప్పింది. కుడివైపు మెడ లాగితే చెయ్యి ఎడంవైపు లాగింది. ముందు చక్రం గట్టు దిగిపోయి, కారు ముక్కు కాలవనీళ్ళ మీద అల్లుకున్న గుర్రపుడెక్కలో దూరి ఆగింది.

ప్రాణాలకి ఏమీ కాలేదు. యేసుకుమార్ గేదెని కరెంటు స్తంభానికి కట్టేసి ట్రాక్టరు తెచ్చేలోపు ఊరంతా వచ్చింది. వచ్చిన ప్రతివాడూ కిటికీలోకి వంగి, ఏమండీ బాగున్నారా అన్నాడు. కారు ఒక పక్కకి వాలిపోయి ఉంది, డోరు సందుల్లోంచి నీళ్ళు లోపలికి వస్తున్నాయి, ఆయన మాత్రం స్టీరింగ్ పట్టుకుని ఒక్కొక్కళ్ళకీ బాగున్నానని చెబుతూ కూర్చున్నాడు. మాణిక్యమ్మ ఆయన మీదుగా పాకి కుడివైపు డోర్లోంచి దిగింది. కొత్త చీర మోకాళ్ళదాకా బురద. ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి నడిచి వెళ్ళిపోయింది.

ఇక ఎక్కనంది. అరవలేదు, ఏడవలేదు, ఎక్కనంది అంతే. అదే ఆయన్ని హడలెత్తించింది. పాతికేళ్ళ క్రితం ఓ పెళ్ళిలో పెదనాన్న కొడుకు ఏదో మాట తూలితే వాళ్ళింటి గడప తొక్కనంది, ఇవాళ్టికీ తొక్కలేదు. బస్సులో పోతానంది గానీ, రెండుసార్లు సంచీ పట్టుకుని స్టాపుకి వెళ్ళి వెనక్కి వచ్చేసింది. బస్సు రాలేదా అంటే ఊఁ అంది. నెల గడిచింది. రామకోటేశ్వరరావు రోజూ కారు కడిగేవాడు, తుడిచేవాడు, ఎడంవైపు సీటు ఖాళీగా పెట్టుకుని ఒక్కడే గన్నవరం వెళ్ళి కొత్తిమీర కట్ట తెచ్చేవాడు. ఊళ్ళో నాలుగు వందల మందితో పలకరింపులు ఉన్న మనిషికి ఆ ఒక్క ఖాళీ సీటు గుండెల మీద కూర్చుంది. కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఒట్టేస్తానన్నాడు.

ఒట్లు వద్దంది మాణిక్యమ్మ. “గన్నవరం సెంటర్ దాకా ఒక్కళ్ళని కూడా పలకరించకుండా, పక్కకి చూడకుండా నడపండి. అప్పుడు బెజవాడ దాకా వస్తాను. మధ్యలో ఎవర్నన్నా బాగున్నారా అన్నారో, అక్కడే దిగిపోతా. మళ్ళీ ఈ జన్మలో ఎక్కను.”

ఆయన పరుగున జాన్‌బాబు దగ్గరికి పోయాడు. పలకరించకపోతే ఊరు వెలేస్తుంది, పలకరిస్తే పెళ్ళాం వెలేస్తుంది, ఏం చెయ్యమంటావన్నాడు. జాన్‌బాబు గడ్డం గోక్కుని, ముందురోజే నడిచివెళ్ళి అందర్నీ పలకరించేసి రమ్మన్నాడు. అబ్బ, ఏం తెలివి! రామకోటేశ్వరరావు శనివారం పొద్దున్నుంచి చీకటి పడేదాకా గడప గడపకీ తిరిగాడు. రేపు తొమ్మిదింటికి నేనూ మా ఆవిడా కార్లో పోతాం, పలకరించను, ఏమీ అనుకోవద్దని చెప్పాడు. ఎందుకని అడిగినవాళ్ళకి ఎందుకో కూడా చెప్పాడు. ఆయన నోరు ఎక్కడ ఆగి చచ్చింది గనక.

ఇంకేముంది. ఆదివారం తొమ్మిదింటికి ఊరంతా కాలవగట్టు మీదే ఉంది. చర్చికి పోవాల్సినవాళ్ళు ప్రార్థనకి ఇంకా టైముందన్నారు, పొలం పోవాల్సినవాళ్ళు పొలం ఎక్కడికీ పోదన్నారు. మనిషిని మాటల్లో పెట్టి గెలవడం మాకు పుట్టుకతో వచ్చిన ఆట. అందులో చెడు ఉద్దేశం కూడా ఏమీ ఉండదు, అదే దాని ముదనష్టం.

మాణిక్యమ్మ ఎక్కి, బెల్టు పెట్టుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుంది. రామకోటేశ్వరరావు అద్దాలన్నీ ఎత్తేశాడు. వెనకటి వేషాలన్నీ మానేసి, జాన్‌బాబు నేర్పినట్టు రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని బయల్దేరాడు.

మొదటి దెబ్బ రావమ్మది. ఇంటిముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని, కారు పక్కకి రాగానే, నే చచ్చినా ఇట్టాగే చూడకుండా పోతావా మరిదీ అని గొంతెత్తింది. ఆయన మెడ నరాలు బిగుసుకున్నాయి. మనసులో వదినకి దణ్ణం పెట్టుకుని ముందుకి పోయాడు. టీకొట్టు దగ్గర మరియదాసు రోడ్డు అంచుకంటా వచ్చి, పొగలు కక్కే గ్లాసు అద్దం దగ్గర పెట్టాడు. అల్లం వాసన అద్దంలోంచి కూడా వచ్చినట్టనిపించింది. అదీ దాటాడు. చూడలేదు, నవ్వలేదు, కనుబొమ్మ కూడా ఎగరెయ్యలేదు. వెనకనుంచి ఈలలు వినపడ్డాయి.

అసలు పరీక్ష చేల దగ్గర ఎదురైంది. పోయిన నెల కారు దిగిన చోటే యేసుకుమార్ నిలబడ్డాడు. పక్కన గేదె, ఇంకా తడి ఆరని దూడ. “ఈనిందండీ సెక్రటరీగారూ! తెల్లారగట్ల ఈనింది! పెయ్యదూడండీ, నుదుట చుక్కండీ!” అని రెండు చేతులూ ఎత్తి కేకేశాడు.

పెయ్యదూడ. నుదుట చుక్క. అయ్యో, ఒక్క క్షణం చూస్తే ఏం పోయింది? ముర్రుపాలు దూడకి పట్టించారో లేదో ఒక్క ముక్క అడిగితే ఏం పోయింది? రామకోటేశ్వరరావు పళ్ళు గిట్టకరిచి, గొంతులోకి వచ్చిన మాటని మింగాడు. కళ్ళు రోడ్డు మీంచి తియ్యలేదు. సరిగ్గా అప్పుడే ముందు, ఎడంవైపు చిన్న వంతెన మీంచి ఒక బైకు సర్రున గట్టు మీదికి ఎక్కింది. నడిపేవాడి తల ఒక పక్కకి వంగి ఉంది, చెవికీ భుజానికీ మధ్య ఫోన్. వాడు ఇటు చూడనేలేదు. రామకోటేశ్వరరావు కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. కారు కీచుమని ఆగింది. బైకు బంపరుకి బెత్తెడు దూరంలోంచి, మాట్లాడుకుంటూనే పోయింది.

గట్టు మీద ఈలలు ఆగిపోయాయి. యేసుకుమార్ ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి. దూడ వైపు చూసి ఉంటే ఆ బైకు కుర్రవాడు ఈపాటికి చక్రాల కింద ఉండేవాడని అక్కడున్న ప్రతివాడికీ అర్థమైంది. రామకోటేశ్వరరావు పక్కనున్న మాణిక్యమ్మ మాత్రం బెదరలేదు, అరవలేదు, కారు ఆగాక సంచీ సర్దుకుంది. నా మీద ఎంత నమ్మకం పెట్టుకుంది, పిచ్చిది, అనుకుని ఆయన కళ్ళు చెమర్చాయి. మళ్ళీ గేరు వేశాడు.

ఆ తరవాత పలకరించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. రైసుమిల్లు దాటింది, రైల్వే గేటు దాటింది, గన్నవరం సెంటర్ వచ్చింది. ఆటోలు, బస్సులు, పూలబళ్ళు, పాతికమంది తెలిసినవాళ్ళు. ఒక్కళ్ళని చూడలేదు. సెంటర్ దాటి హైవే మీద పడ్డాక అప్పుడు ఊపిరి వదిలాడు. గెలిచాడు. ఇప్పుడు ఆవిడ నోటినుంచి ఒక్క మెప్పు ముక్క వస్తే చాలు, బ్యారేజీ దాకా గాల్లో తేలిపోతాడు.

“ఓ పక్కకి ఆపండి,” అంది మాణిక్యమ్మ.

ఆయన దారంతా నెమరేసుకున్నాడు. ఎవర్ని పలకరించాను? హారన్ కొట్టింది లెక్కలోకి వస్తుందా? సిగ్నల్ వేసి, రోడ్డు అంచున ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగాడు. దిగిపోకే, నేనెవరితోనూ మాట్లాడలేదే అని బతిమాలబోయాడు.

“దిగను,” అంది. కాసేపు సంచీ తాడు వేలికి చుట్టుకుంది. “నాకు ఎడంకన్ను కనపడటం లేదండీ. ఉగాదప్పటి నుంచి.”

ఆయనకి వెంటనే బుర్రకెక్కలేదు. ఆవిడ నెమ్మదిగా, పాలలెక్క చెప్పినంత మామూలుగా చెప్పింది. మొదట మసక, తరవాత ఏమీ లేదు. భవానీపురంలో అక్క వాళ్ళ వీధిలో కంటి డాక్టరు ఉన్నాడట, అందుకే వెళ్దామంది. ఉన్న ఒక్క కంటికీ బస్సు బోర్డు ఆనక, ఎవర్నన్నా అడగడానికి మొహం చెల్లక రెండుసార్లు ఇంటికి వచ్చేసింది. పోయిన నెల కాలవ తనకి కనపడలేదు, కనపడి ఉంటే అరిచేది. “ఇందాక ఆ బైకు కూడా నాకు తెలీదు. మీరు బ్రేకేస్తే తెలిసింది. నా వైపు నాకు ఏమీ కనపడదు. మీరన్నా చూస్తారో లేదో తెలుసుకుందామని ఇదంతా పెట్టా.”

ఉగాది అంటే ఆరు నెలలు. ఊళ్ళో ప్రతి గేదె పొదుగూ తెలిసిన మనిషికి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఎందుకు చెప్పలేదే అన్నాడు.

“ఎప్పుడు చెప్పనండీ? నేను నోరు తెరిచేసరికి ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు.”

కారు కుడివైపు అద్దం మీద ఎవరో వేళ్ళతో కొట్టారు. ఎవరో పాలకేంద్రం నాటి మనిషి, బండి ఆపుకుని మరీ వచ్చినట్టున్నాడు. సెక్రటరీగారూ ఎందాకా, బండికేమైంది అంటున్నాడు. రామకోటేశ్వరరావు తల తిప్పలేదు. సీట్లో ఎడంవైపుకి పూర్తిగా తిరిగి, ఒక చేత్తో భార్య కుడికన్ను మూశాడు. రెండో చేతి వేళ్ళు మూడు ఎత్తి ఆవిడ ఎడంకంటి ముందు పెట్టాడు.

“ఎన్ని వేళ్ళు?”

“ముందు చెయ్యి పెట్టండి మరి,” అంది మాణిక్యమ్మ.